వాల్వు వదిలిన మధ్యాహ్నం

"ఇక సంతకం ఒక్కటే మిగిలింది మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్, నేను షెడ్డు గడప దాటకముందే. "ఆత్మహత్య. పన్నెండింటికి కాగితం పైకి పంపించేస్తా. మీరు పనిగట్టుకుని ఇంత దూరం రావాల్సింది కాదు."

పదీ అయిదైంది. మనిషి పోయి ఇంకా ఒక రోజు కూడా నిండలేదు. ఈ ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు నా కింద పని నేర్చుకున్నవాడే. ఫైలు తెరవడం నేను నేర్పాను. మూసేయడం మాత్రం తనంతట తానే నేర్చుకున్నాడు. నేను ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టిన దగ్గర్నుంచీ మేమిద్దరం ఎదురుపడితే ఉప్పూ నిప్పే.

"పిలిస్తే వచ్చాను. పిలవని పేరంటానికి వెళ్లే అలవాటు నాకు లేదు," అన్నాను.

పిలిచింది మేస్త్రి కూతురు. మేస్త్రి ఈ షెడ్డులో ముప్పై ఏళ్లుగా మోటారు సైకిళ్లు బాగుచేసిన మనిషి. నా డొక్కు స్కూటర్‌ని ఇరవై ఏళ్లు బతికించిందీ ఆయనే. నన్ను నోరారా 'చెల్లెమ్మా' అనేవాడు. అందుకే ఆయన కూతురికి నేను అత్తనయ్యాను. తల్లి లేని పిల్ల. తండ్రికి స్పానర్లు అందిస్తూ పెరిగి, ఇరవై ఆరేళ్లకి ఆయన పక్కనే తానూ మెకానిక్కై కూర్చుంది. నిన్న సాయంత్రం ఫోన్ చేసి ఒక్క మాట అడిగింది. "నాన్న నా మాట వల్లే పోయాడా అత్తా? అదొక్కటి తేల్చి చెప్పు. ఇంకేం వద్దు."

దారి పొడుగునా ఏడ్చాను. ఏడ్చినట్టు ఇన్‌స్పెక్టర్‌కి తెలియకూడదని కుళాయి దగ్గర మొహం కడుక్కుని మరీ వచ్చాను. "ఏం చూసి ఆత్మహత్య అంటున్నావో చెప్పు," అన్నాను.

"ఏం చూడకుండా అంటానా? తలుపు లోపల గడియ పెట్టి ఉంది. గడప దగ్గర సందులో బొంత కుక్కి ఉంది, గాలి ఆడకుండా. బండి ఇంజిన్ నడుస్తూనే ఉంది. పొగ బయటికి పోవడానికి సైలెన్సర్‌కి తగిలించే రబ్బరు గొట్టం ఊడదీసి నేల మీద పడేసి ఉంది. రక్తంలో పొగ విషం తప్ప ఇంకేం లేదని డాక్టర్ రాసిచ్చాడు. దానికి ముందు కూతురితో గొడవ. గొడవయ్యాక కూతురికే మూడు ఫోన్లు. ఆఖరి మాట చెప్పుకుందామనుకున్నాడు పాపం, ఆవిడ ఎత్తలేదు. ఇంకేం కావాలి మీకు?"

"గొంతు తగ్గించు. పిల్ల వింటోంది."

అప్పటికే వినేసింది. షెడ్డు మధ్యలో స్టాండు మీద నిలబెట్టిన నల్ల మోటారు సైకిల్ పక్కన నేల మీదే కూర్చుని ఉంది. నిన్నటి మసి బట్టలే ఒంటి మీద ఉన్నాయి. నేను వెళ్లి ఎదురుగా ఒక పీట లాక్కుని కూర్చున్నాను. గుండెలకి హత్తుకోవాలనిపించింది. హత్తుకుంటే ఇద్దరం ఏడుస్తాం, పని జరగదు. అందుకని ప్రశ్నలే అడిగాను.

"గొడవ ఎన్నింటికి?"

"ఒంటిగంటన్నరకి అత్తా."

"దేని గురించి?"

"వాల్వు గురించి." బండి కిందికి చెయ్యి చూపించింది. "ఇదిగో, పొగ పైపు మధ్యలో ఉంటుంది. లోపల గుండ్రటి రేకు బిళ్ల, దానికో ఇరుసు. ఇంజిన్ మెల్లగా నడిస్తే మూసుకుంటుంది, వేగం పెరిగితే తెరుచుకుంటుంది. రెండు కేబుళ్లు లాగితే తిరుగుతుంది. ఈ బండిలో మసీ తుప్పూ పట్టి బిగుసుకుపోయింది. కదలడంలేదు."

"దానికి గొడవెందుకు?"

"నేను కోసి పారేద్దామన్నా. వాల్వు లేని పైపు బయట మార్కెట్లో దొరుకుతుంది. వాల్వు పనిచేస్తున్నట్టే బండి కంప్యూటర్‌ని నమ్మించడానికి డమ్మీ ప్లగ్గు కూడా దొరుకుతుంది. గంటలో అయిపోయే పని. ఓనర్ ఎలాగూ కొత్త సైలెన్సర్ తెచ్చుకున్నాడు, అది పొద్దునే నేనే బిగించా. అయిదింటికి బండి ఇచ్చేయాలి. నాన్నేమో ససేమిరా అన్నాడు. కంపెనీవాడు తెలివితక్కువై పెట్టాడా దాన్ని, నేను వదిలిస్తా చూడు అన్నాడు. సుత్తి ముట్టుకోనివ్వడు. ఇంజిన్ నడిపి పైపు వేడి చెయ్యాలట, నూనె పొయ్యాలట, ఇరవై నిమిషాలు ఆగాలట, మళ్లీ వేడి చెయ్యాలట. బిగుసుకున్నదాన్ని కొట్టకూడదు, బతిమాలాలి అంటాడు. ఒంటిగంటన్నర దాకా చూశా. నాకు ఒళ్లు మండింది."

"నువ్వేమన్నావు?"

ఆమె గోళ్లలోని మసి గీక్కుంటూ కూర్చుంది.

"నా దగ్గర దాచకు తల్లీ."

"నీ చాదస్తంతో నువ్వే చావు అన్నా."

ఇన్‌స్పెక్టర్ గోడ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. ఆ మాట అనని ఇల్లుందా? మా అమ్మ నన్ను రోజుకి నాలుగుసార్లు అనేది. నేను మా ఆయన్ని పదిసార్లు అన్నాను. అందరం సాయంత్రానికి ఒక కంచం ముందే కూర్చునేవాళ్లం. అందరిలోకీ ఈ పిల్లకే ఆ మాట ఇలా మెడకి చుట్టుకోవాలా?

"దానికి ఆయనేమన్నాడు?"

"నవ్వాడు. 'అలాగేలే తల్లీ' అన్నాడు."

అప్పుడు ఏడ్చింది. ఏడుపు కూడా చప్పుడు చేయకుండా ఏడ్చింది. నేను వాచీ చూసుకుంటున్నట్టు నటించాను.

మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఒంటిగంటా నలభైకి విసురుగా బయటికి పోయింది. ఆ వాల్వు లేని పైపూ, డమ్మీ ప్లగ్గూ తండ్రికి చెప్పకుండా కొనుక్కొద్దామని విడిభాగాల కొట్టుకి వెళ్లింది. రెండూ పదిహేడుకి తండ్రి ఫోన్ చేశాడు, ఎత్తలేదు. రెండూ పద్దెనిమిదికి మళ్లీ చేస్తే కట్ చేసింది. రెండూ నలభై ఎనిమిదికి మూడోసారి. తెర మీద 'నాన్న' అని వెలగడం చూస్తూనే ఉంది, అయినా ఎత్తలేదు. మూడూ నలభైకి వచ్చేసరికి తలుపు మూసి ఉంది, లోపల ఇంజిన్ మోగుతోంది. తానూ, పక్క కొట్టు టైలరమ్మా కలిసి ఇనుపరాడ్డుతో గడియ విరగ్గొట్టారు.

"ఎక్కడున్నాడు?"

"ఆ చిన్న స్టూలు మీంచి పక్కకి ఒరిగి. వాల్వు ఎదురుగా. చెవులకి మోత ఆపే మఫ్‌లు ఉన్నాయి. చేతిలో ప్లయర్ ఉంది."

"నిండా చెవులు మూసుకుని మరీ కూర్చున్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కొత్త సైలెన్సర్ మోత నువ్వెప్పుడైనా విన్నావా? చెవులు మూసుకోకుండా పనిచేసేది ఫైళ్ల దగ్గర," అన్నాను. లేచి తలుపు దగ్గరికి వెళ్లాను.

రెండు రెక్కల ఇనుప తలుపు. గడియ విరిగి వేలాడుతోంది. నేను రెండు రెక్కలూ దగ్గరికి వేసి చెయ్యి తీశాను. ఎడమ రెక్క కిర్రుమంటూ దానంతటదే జానెడు తెరుచుకుంది. మళ్లీ వేశాను. మళ్లీ తెరుచుకుంది. మూడోసారి ఇన్‌స్పెక్టర్‌నే వెయ్యమన్నాను. వాడి చేతికీ అది ఆగలేదు.

"కాబట్టి గడియ పెట్టకుండా ఈ తలుపు మూసి ఉండదు. గడియ పెట్టాడంటే చావడానికే పెట్టాడని కాదు, మూయడానికి పెట్టాడు."

"బాగుంది. మిట్టమధ్యాహ్నం ఇంజిన్ నడుపుతూ తలుపెందుకు మూయాలి? బొంత ఎందుకు కుక్కాలి?"

బొంత అక్కడే మడిచిపెట్టి ఉంది. చేతిలోకి తీసుకున్నాను. పాత గుడ్డ ముక్కలు పొరలు పొరలుగా పెట్టి, మిషన్ మీద అడ్డదిడ్డంగా కాక వరసగా కుట్టిన బొంత. సరిగ్గా గడప పొడుగే ఉంది. అడుగున నేల మసి అచ్చుపడి అట్టకట్టింది. ఒక్కరోజు మసి కాదది.

"ఇది కుట్టిన చెయ్యి ఎవరిది?" అన్నాను, గట్టిగానే.

"నాదేనమ్మా," అంది గుమ్మం బయటి నుంచి ఒక గొంతు. పక్క కొట్టు టైలరమ్మ. నలభై అయిదేళ్లుంటాయి. మెడలో ఇంకా కొలత టేపు వేలాడుతూనే ఉంది. లోపలికి రాలేదు, గుమ్మానికి అవతలే నిలబడింది. "మా అమ్మ మంచంలో ఉందమ్మా. రాత్రంతా నొప్పులతో మూలుగుతుంది. మధ్యాహ్నం మాత్ర వేస్తే రెండింటి నుంచి నాలుగింటిదాకా కునుకు తీస్తుంది. ఆ రెండు గంటలే. మూడు నెలల కింద అన్నని బతిమాలా, ఆ టైంలో బండి స్టార్ట్ చేస్తే తలుపేసుకో అన్నా అని. సరేలే చెల్లెమ్మా అన్నాడు. శబ్దం కింద సందులోంచి వస్తోందంటే నేనే ఈ బొంత కుట్టిచ్చా."

చెల్లెమ్మా అనే మాట వినగానే బొంత కింద పెట్టేశాను. ఆయనకి చెల్లెళ్లు ఎంతమందో!

"మూడు నెలలుగా రోజూ మూస్తున్నాడా?"

"పొగ గొట్టం గోడ కంతలోంచి వెనక సందులోకి పెట్టేవాడు, తలుపేసుకునేవాడు. ఒక్కరోజు తప్పలేదు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను అడక్కపోతే తలుపు తెరిచే ఉండేది కదమ్మా. నేనే కదా..."

"ఏడవడానికి ముందు నాకు టైములు చెప్పు," అన్నాను. కఠినంగా మాట్లాడానని నాకూ తెలుసు. మెత్తగా మాట్లాడితే నేనే ముందు కూలబడేలా ఉన్నాను. "ఇంజిన్ ఎప్పుడు మొదలైంది?"

"అమ్మ అప్పుడే కళ్లు మూసింది. ఎక్కడ లేస్తుందోనని గడియారం చూశా. రెండూ ఇరవై. ఎనిమిది నిమిషాలు నడిచి ఆగింది. మళ్లీ రెండూ యాభైకి మొదలైంది."

"రెండోసారి కూడా శబ్దం మొదటిసారిలాగే ఉందా?"

ఆమె ఆలోచించింది. "మొదట అలాగే ఉంది, గొట్టంలోంచి వచ్చే గుర్రు. ఆ తర్వాత అయిదు నిమిషాలకేమో, ఉన్నట్టుండి పెద్దదైపోయింది. మా అద్దాలు అదిరాయి. అమ్మ ఉలిక్కిపడి లేచింది. ఈ అన్నకి మతి గానీ పోయిందా అని తిట్టుకున్నానమ్మా. వచ్చి తలుపు కొడదామనుకున్నా కూడా. అమ్మకి మంచినీళ్లు పట్టి, జో కొట్టేసరికి..."

నేను ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాను. "రాసుకున్నావా? రెండూ యాభై అయిదు."

"అయితే?"

"చావాలనుకున్నవాడు గొట్టం ముందే ఊడదీసి ఇంజిన్ స్టార్ట్ చేస్తాడు. మోత మొదటి క్షణం నుంచే ఉండాలి. ఇక్కడ అయిదు నిమిషాల తర్వాత పెరిగింది. ఇంజిన్ నడుస్తుండగా ఊడింది గొట్టం."

"తర్వాత లేచి తీశాడేమో."

"ఆ గొట్టం ఇలా ఇవ్వు."

కానిస్టేబుల్ మూలనున్న రబ్బరు గొట్టం తెచ్చి నా ముందు పెట్టాడు. చివర్న గొట్టాన్ని పట్టి ఉంచే ఇనుప క్లాంపు ఇంకా బిగించే ఉంది. స్క్రూ ఆఖరి మరదాకా తిరిగి ఉంది. చేతితో తీసినవాడు ముందు క్లాంపు వదులు చేస్తాడు కదా? చెయ్యలేదు. గొట్టం మూతి లోపల రబ్బరు కాలి మెరుస్తోంది. అదీ చుట్టూ కాదు, సగం మాత్రమే. మిగతా సగం మామూలుగా ఉంది.

"ఇదేంటి? సగమే కాలిందేం?" అని మేస్త్రి కూతురిని అడిగాను.

ఆమె లేచి వచ్చి గొట్టం చేతిలోకి తీసుకుంది. చూసింది. సైలెన్సర్ మూతి వైపు చూసింది. మొహం పాలిపోయింది.

"పాత సైలెన్సర్ మూతి గుండ్రంగా, నిటారుగా ఉండేది. గొట్టం నాలుగు వేళ్ల లోతు ఎక్కేది. ఈ కొత్తది ఫ్యాషన్ కోసం ఏటవాలుగా కోసి ఉంటుంది. పైన పొడుగు, కింద పొట్టి. గొట్టం పైవైపే పట్టుకుంటుంది. కింద పట్టు దొరకదు. చల్లగా ఉన్నప్పుడు నిలబడుతుంది. వేడెక్కితే రబ్బరు మెత్తబడి జారిపోతుంది." గొట్టం నాకు తిరిగిచ్చి, "బిగించింది నేనే అత్తా," అంది.

సైలెన్సర్ మూతి మీద కొత్త గీతలు రెండున్నాయి. క్లాంపు ఈడ్చుకుంటూ జారిన గీతలు. వేలితో తడిమి ఇన్‌స్పెక్టర్‌కి చూపించాను. మేస్త్రి అరచేతులు ఎలా ఉన్నాయని అడిగాను. వాడు డాక్టర్ కాగితం తీసి చూసి, కాలిన గాయాలేవీ లేవన్నాడు. అయిదు నిమిషాలు నడిచిన సైలెన్సర్ మీంచి క్లాంపు విప్పకుండా గొట్టం లాగినవాడి చేతులు అలా ఉండవు. ఆ మాట ఇన్‌స్పెక్టరే తనలో తాను గొణుక్కున్నాడు. నేను విననట్టు ఊరుకున్నాను.

తర్వాత నేల మీద పడుకుని వాల్వు చూశాను. ఇరుసు చివర బయటికి ఉంది. చూపుడు వేలితో నెట్టాను. తిరిగింది. మళ్లీ నెట్టాను. చప్పుడు కూడా లేకుండా ఇటు నుంచి అటు తిరిగి వచ్చింది.

"నువ్వు వెళ్లేటప్పుడు ఇది కదిలిందా?"

"లేదు. ప్లయర్‌తో పట్టినా కదల్లేదు." ఆమె కూడా వంగి వేలు పెట్టింది. తిరుగుతున్న ఇరుసు మీద వేలు అలాగే ఉంచేసింది. "వదిలించాడు," అంది. "చివరికి వదిలించే పోయాడు నాన్న."

ఆ పిల్ల మొహంలో ఒక్క క్షణం గర్వం కనిపించింది. దాన్ని చూసి నాకు ఏడుపాగలేదు. ఇన్‌స్పెక్టర్ చూస్తే చూశాడు, పోనీ అనుకున్నాను.

మేస్త్రి ఫోన్ కూడా తెప్పించాను. రెండూ ఇరవై ఎనిమిదికి, అంటే ఇంజిన్ మొదటిసారి ఆపగానే, ఇరవై నిమిషాలకి టైమర్ పెట్టుకున్నాడు. నూనె ఇంకడానికి. రెండూ నలభై ఎనిమిదికి అది మోగింది. మోగగానే కూతురికి ఫోన్ చేశాడు. రెండూ యాభైకి మళ్లీ ఇంజిన్. ఇంత లెక్కగా పని చేసుకుంటున్నవాడు చావబోయేవాడా? వేడెక్కిన పైపు మీద వంగి, ప్లయర్‌తో మెల్లగా తిప్పుతూ, అది వదులుతున్న సంతోషంలో ఉన్నాడాయన. గొట్టం వెనక వైపు జారిపోయింది. చెవుల మీది మఫ్‌ల వల్ల మోత తేడా తెలియలేదు.

"ప్రమాదం. కాగితం మార్చు," అన్నాను.

ఇన్‌స్పెక్టర్ ఆ స్టూలు దగ్గరికి వెళ్లి, దాని నుంచి తలుపుదాకా అడుగులు వేశాడు. నాలుగు. అక్కడే నిలబడి నా వైపు చూశాడు. వాడి చూపులో వెటకారం లేదు. అది చూసే నాకు భయం వేసింది.

"మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటా మేడమ్. తలుపు ముసలావిడ కోసం మూశాడు. గొట్టం దానంతటదే ఊడింది. కానీ ఒక్కటి చెప్పండి. ఈయన్ని ఈ వీధిలో ఏమని పిలుస్తారు?"

నా జవాబు కోసం ఆగకుండా తానే చెప్పాడు.

"ముక్కు మేస్త్రి. బండి గుమ్మం ఎక్కకముందే వాసన చూసి, క్లచ్ కాలిందో, ఆయిల్ తాగుతోందో చెప్పేస్తాడని పేరు. మా స్టేషన్ జీపు రోగం కూడా అలాగే చెప్పాడు. పాత సైలెన్సర్‌లో పొగని శుభ్రం చేసే జల్లెడ ఉంటుందట. కొత్తదాంట్లో అది లేదట. నిన్న ఈ అమ్మాయే చెప్పింది. విషానికి వాసన ఉండకపోవచ్చు, పొగకి ఉంటుంది కదా? తలుపు విరగ్గొట్టినప్పుడు ఈ టైలరమ్మ దగ్గి దగ్గి వాంతి చేసుకుంది. అంత ఘాటులో ముక్కు మేస్త్రి కదలకుండా కూర్చున్నాడు. నాలుగడుగులు వేస్తే గడియ. ఎందుకు వెయ్యలేదు?"

"తల తిరిగి ఉంటుంది..."

"తల తిరగడానికి ముందు వాసన రాదా? వచ్చింది. గొట్టం ఊడిందని తెలిసింది. పోనీలే, ఇదీ మంచిదే అనుకున్నాడు. కూతురు చావమంది కదా. ఫోన్ కూడా ఎత్తలేదు కదా. లేవలేదు. దాన్ని ఏమంటారో మీరే నాకు నేర్పారు."

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇలా నోరు మూసుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వీడి మీద కోపం రాలేదు, నా మీదే వచ్చింది. ఈ పిల్లకి మేలు చేద్దామని వచ్చి, ఒక్కో ముడీ విప్పి, చివరికి దాన్ని మొదటికంటే లోతు గోతిలోకి దింపాను. పదకొండూ నలభై అయింది. ఇన్‌స్పెక్టర్ చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు.

"ఆయనకి వాసన తెలీదు."

మేస్త్రి కూతురు అంది ఆ మాట. బండి పక్కనే నిలబడి, ఎవరి వైపూ చూడకుండా అంది.

"ఏమన్నావు?"

"రెండేళ్ల కింద జ్వరం వచ్చింది కదత్తా, పదిహేను రోజులు. జ్వరం తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. కూర మాడినా తెలీదు, పెట్రోలు కారినా తెలీదు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. ముక్కు పోయిన ముక్కు మేస్త్రి దగ్గరికి బండి ఎవడు తెస్తాడే అని నవ్వాడు."

"మరి ఈ రెండేళ్లూ వాసన చూసి చెప్పింది..."

"నేను. కస్టమర్ ముందు ఆయన వంగి గాలి పీల్చినట్టు చేసేవాడు. నేను వెనకాల నిలబడి స్పానర్‌తో బల్ల మీద కొట్టేదాన్ని. ఒకసారి కొడితే క్లచ్, రెండుసార్లయితే ఆయిల్, మూడైతే వైరు కాలుతున్నట్టు."

"నా స్కూటర్ కూడానా?"

"నీ స్కూటర్ కూడా అత్తా."

పోయిన నెలే వచ్చాను. ఆయన వంగి, పీల్చి, కళ్లు మూసుకుని, "ఆయిల్ తాగుతోంది చెల్లెమ్మా" అన్నాడు. ఆహా ఏమి ముక్కు అని నేను మెచ్చుకుంటే మీసం దువ్వుకున్నాడు దొంగ మనిషి. నవ్వొచ్చింది నాకు.

ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత పెట్టేశాడు. "ఈ మాట నిన్నే ఎందుకు చెప్పలేదమ్మా?"

"పరువు పోతుందని. పోయాక కూడా ఆయన పేరు అలాగే ఉండాలని." ఇంకేదో చెప్పబోయి ఆగింది. కళ్లు ఎక్కడో నిలిచిపోయాయి. "సార్, నాన్న ఫోన్ ఎన్నెన్నింటికి చేశాడన్నారు?"

"రెండూ పదిహేడు, రెండూ పద్దెనిమిది, రెండూ నలభై ఎనిమిది."

"ఇంజిన్ ఎన్నింటికి స్టార్టయింది?"

జవాబు టైలరమ్మ చెప్పింది. "రెండూ ఇరవై. రెండూ యాభై."

"నేను లేకుండా తలుపేసి ఇంజిన్ స్టార్ట్ చెయ్యకూడదు," అంది ఆ పిల్ల, చాలా నెమ్మదిగా. "అది మా ఇద్దరి ఒప్పందం. పొగ లీకైతే వాసన చూసి చెప్పాల్సింది నేనే కదా. నేను బయటికెళ్తే ఫోన్ చేస్తాడు. 'వస్తున్నావా తల్లీ, స్టార్ట్ చెయ్యనా?' అంటాడు. ఎప్పుడూ అంతే. ఇంకో మాట ఉండదు."

నాకు అప్పటికి అర్థమైంది. ఆమెకి నాకంటే ముందే అర్థమైపోయింది. మూడు ఫోన్లలో ఒక్కటీ వీడ్కోలు కాదు. ఆయన అలగలేదు. ఆమె మాట మనసులో పెట్టుకోనూ లేదు. ఎప్పటిలాగే పనికి పిలిచాడు. మొదటిసారి రెండు నిమిషాలు చూసి తానే స్టార్ట్ చేశాడు, ఆమె లేకపోయినా ఏమీ కాలేదు. ఆ ధీమాతోనే రెండోసారీ తాళం తిప్పాడు. అలిగింది, అదే వస్తుందిలే అనుకున్నాడేమో. అయిదింటికి బండి ఇవ్వాలి మరి.

"విన్నావు కదా. నీ మాట వల్ల పోలేదు," అని ఆమె భుజం పట్టుకున్నాను. "ఆయన చావాలనుకోలేదు. నీ మీద ఆయనకి ఇసుమంత కోపం లేదు."

"లేదత్తా," అంది. "కోపం నాకే ఉంది."

ఇన్‌స్పెక్టర్ గొంతు మెత్తబడింది. వాడి నోట అంత మెత్తని మాట నేనెప్పుడూ వినలేదు. "చూడమ్మా, ప్రమాదం అని రాస్తాను. గొట్టం జారింది, అంతే. ఫోన్ల సంగతి కాగితంలో అక్కర్లేదు. దానితో కేసుకి పనిలేదు."

"రాయండి సార్."

"వద్దమ్మా. ఆ కాగితం జన్మంతా ఉంటుంది."

"చావమన్నాను, చావలేదాయన. రమ్మన్నాడు, నేను రాలేదు. అదే జరిగింది. అదే రాయండి."

వాడు రాయలేదు. కాగితం చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు, ఏం చెయ్యమంటారు మేడమ్ అన్నట్టు. పాతికేళ్ల కిందటి కుర్రాడి చూపు అది. నేను తల అడ్డంగా ఊపాను. టైలరమ్మ గుమ్మం దాటి లోపలికొచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకోబోయింది.

ఆమె విడిపించుకుంది. ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి కాగితం తీసుకుని, పెన్ను తీసుకుని, బండి సీటు మీద పెట్టుకుని, తానే రాయడం మొదలుపెట్టింది. రెండూ నలభై ఎనిమిదికి నాన్న పిలిచాడు, నేను చూశాను, ఎత్తలేదు అని రాసి, కింద సంతకం పెట్టింది.